ఎండీఎన్ డాక్స్‌కి మార్పులు పంపుతూ నాలుగేళ్లు: నన్ను పట్టి ఉంచిన ఒక్క బటన్

ఎండీఎన్ వెబ్ డాక్స్ ఏమిటో వెబ్ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు, వెబ్‌సైట్లు తయారుచేసే భాషలను వివరించే సైట్ అది. నేను రాస్తున్నది దాన్ని చదవడం గురించి కాదు, అందులో తప్పు కనిపిస్తే దిద్ది పంపడం గురించి. 2021 చివర్లో మొదలుపెట్టాను. అప్పటికి అది పాత వికీ నుంచి గిట్‌హబ్‌కి (చాలామంది కలిసి ఫైళ్లు దిద్దుకునే సైట్) మారి ఏడాదైంది. పేజీ అడుగున ఉన్న లింకు నొక్కి, బ్రౌజర్‌లోనే దిద్ది, పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలుపుకోండన్న అభ్యర్థన) పంపేయొచ్చు, ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. ఇప్పటికి ముప్పై దాకా పంపాను. అక్షరదోషాలు, చచ్చిపోయిన లింకులు, రెండుసార్లు చదివినా అర్థం కాని వాక్యాలు, ఎక్కువగా ఇవే.

ఇన్నాళ్లూ వదలకుండా ఉన్నానంటే ఒకే కారణం. మన మార్పు చూసేవాళ్లు "ఇక్కడ బాగోలేదు" అని రాసి వదిలేయకుండా, ఎలా ఉండాలో ఆ వాక్యాన్నే రాసి పెట్టగలరు. దాని కింద "కమిట్ సజెషన్" బటన్ ఉంటుంది. నొక్కితే ఆ దిద్దుబాటు నా మార్పులో కలిసిపోతుంది, కమిట్‌లో, అంటే ఆ మార్పు నమోదులో, ఇద్దరి పేర్లూ ఉంటాయి. సౌకర్యం గిట్‌హబ్‌ది, నిజమే. కానీ కొత్తవాళ్లతో దాన్ని ఎంత ఓపికగా వాడొచ్చో నేను ఇక్కడే చూశాను.

2024లో జరిగింది చెప్తాను. జావాస్క్రిప్ట్ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్ (అక్షరాల వరుస) పొడవు గురించి చెప్పే చోట ఎమోజీలతో ఉదాహరణలు ఇస్తుంటారు. మన లిపితో కూడా ఒకటి ఉంటే బాగుంటుందనిపించింది. "తెలుగు" అన్న మాటకు మన లెక్కలో మూడు అక్షరాలు. జావాస్క్రిప్ట్‌ని లెంగ్త్ (పొడవు) అడిగితే 6 వస్తుంది, ఎత్వం, కొమ్ములు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి. మాటను మనకు కనిపించే అక్షరాలుగా విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్ అనే సాధనంతో విడదీస్తే 3 వస్తుంది. అంతవరకు రాసి ఊరుకోకుండా "క్షమ" కూడా చేర్చాను. లెంగ్త్ 4, సెగ్మెంటర్‌తో 2. నా ల్యాప్‌టాప్‌లో అదే వచ్చింది మరి.

రెండో రోజున రివ్యూ వచ్చింది. చూసిన మనిషికి తెలుగు రాదు. అయినా ఉదాహరణ నడిపి చూశారు, తన బ్రౌజర్‌లో 3 వస్తోందని, నాకు 2 ఎందుకొచ్చిందని అడిగారు. టెన్షన్ పట్టుకుంది. మా తమ్ముడి పాత ఫోన్ తీసుకుని చూస్తే అందులోనూ 3. "క్" ఒకటి, "ష" ఒకటి, "మ" ఒకటి. ఆ రాత్రి కూర్చుని వెతికాను. యూనికోడ్ అంటే కంప్యూటర్లలో అన్ని లిపులకూ నియమాలు పెట్టే ప్రమాణం. 2023లో వచ్చిన దాని 15.1 వెర్షన్ తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకు కొత్త నియమం పెట్టింది. హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరసగా వస్తే మధ్యలో విడగొట్టకూడదు. అంటే బ్రౌజర్ లోపలున్న నియమాలు ఏ కాలం నాటివో దాన్ని బట్టి "క్షమ" రెండూ అవుతుంది, మూడూ అవుతుంది. చిన్నప్పటి నుంచి నేను రాస్తున్న అక్షరం గురించి ఈ సంగతి నాకు తెలిసింది తెలుగు రాని మనిషి అడిగిన ప్రశ్న వల్ల.

తెలిసిందంతా రాసి పెట్టాను. ఇక మూసేస్తారనే అనుకున్నాను. సాయంత్రానికి రెండు సజెషన్లు వచ్చాయి. ఒకటి "క్షమ" వరుస తీసేసేది, రెండోది "తెలుగు" గురించి నేను రాసిన వాక్యాన్ని తేలికపరిచేది. బటన్ రెండుసార్లు నొక్కాను. ప్రివ్యూ లింకు తెరిచి ఆ పేజీలో మన లిపి చూశాక అమ్మను పిలిచి చూపించాను.

బటన్‌ని ఇంత మెచ్చుకున్నాను గానీ, అది అన్నిటికీ పనికిరాదు. విడివిడిగా నొక్కితే ఒక్కో సజెషన్ ఒక్కో కమిట్ అవుతుంది, తనిఖీలన్నీ మళ్లీ మొదటి నుంచి నడుస్తాయి. అన్నీ ఒకేసారి కలపాలంటే మారిన ఫైళ్లు చూపించే ట్యాబ్‌లోకి వెళ్లాలి. నాకు ఇది చాలా ఆలస్యంగా తెలిసింది. ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదన్న మాట కూడా చిన్న దిద్దుబాట్ల వరకే. పేజీని ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చాలంటే రిపో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు) మొత్తం దించుకోవాల్సిందే, అది చిన్నది కాదు. ఏ బ్రౌజర్ దేన్ని సపోర్ట్ చేస్తుందో చెప్పే పట్టిక కోసం పేజీ ఫైల్‌లో ఓ గంట వెతికాను. ఆ సమాచారం అసలు అక్కడ ఉండదు, దానికి వేరే రిపో ఉంది.

ఇదే బటన్ ఇంకో ప్రాజెక్టులోనూ ఉంది, పేరు వద్దు. అక్కడ నా మార్పు ఎనిమిది నెలలు ఎవరూ తెరవకుండా పడి ఉంది. చూసే మనిషి లేకపోతే బటన్ ఏం చేస్తుంది?

నాకు ఆదివారం పొద్దున ఓ గంట దొరుకుతుంది. ఆఫీసు పనిలో రోజూ ఈ పేజీలే చదువుతాను కాబట్టి తప్పులు వాటంతటవే కళ్లబడతాయి. ఇంగ్లిష్‌లో రాయడం కూడా అలవాటే. ఇలాంటి వీలున్నవాళ్లకైతే ఇక్కడే మొదలుపెట్టమంటాను. తెలుగులో రాయాలన్న కోరికతో వచ్చేవాళ్లకు మాత్రం ఇప్పటికి ఇది చోటు కాదు, ఎండీఎన్ అనువాద భాషల్లో తెలుగు లేదు. "క్షమ" వరుస ఉన్న బ్రాంచ్‌ని (మార్పుల విడి ప్రతిని) నా ఫోర్క్‌లో, అంటే గిట్‌హబ్‌లో నా పేరున ఉన్న రిపో నకలులో, చెరిపేయకుండా ఉంచాను. ఆర్నెల్లకోసారి తమ్ముడి ఫోన్‌లో నడిపి చూస్తున్నాను. 2 వచ్చిన రోజున మళ్లీ పంపుతాను.