ఫార్మాట్ కొట్టకుండా ఫొటోషాప్ తెరిపించిన డాబాగార్డెన్స్ షాపు

ముందే చెప్పేస్తున్నా, ఈ షాపుకి ఏసీ లేదు, కూర్చోడానికి రెండే స్టూళ్లు, బండి పెట్టుకోడానికి చోటు అస్సలు లేదు. విశాఖ డాబాగార్డెన్స్ సందుల్లో మెట్ల కింద ఒక గది. పేరు చదువుదామంటే మన ఊరి ఉప్పుగాలి బోర్డుని సగం తినేసింది, చివర్లో "అండ్ డీటీపీ" అన్న ముక్క ఒక్కటే మిగిలింది. పేరేంటి మేడమ్ అని అడిగితే "పేరు చూసి ఎవరొస్తారు బాబూ, మేడమ్ షాపు అంటే చాలు" అన్నారు. నా లెక్కలో ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కూడా చెప్తా.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. శ్రావణమాసం అంటే మాకు నిద్ర ఉండదు. ఆ వారం చేతిలో మూడు పెళ్లిళ్లున్నాయి, అందులో ఒకటి ఎర్రమట్టి దిబ్బల మీద ప్రీ వెడ్డింగ్ షూటు (ఆ ఎర్రమట్టి మీద ఎర్ర గౌనే ఎందుకు వేసుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, మనిషెక్కడో మట్టెక్కడో వెతుక్కోవాలి). బుధవారం పొద్దున్న లాప్‌టాప్ తెరిచి ఫొటోషాప్ మీద రెండు నొక్కులు నొక్కితే మొదటి బొమ్మ వచ్చింది, కింద చిన్న అక్షరాలు గబగబా మారాయి, మాయమైపోయింది. తప్పు ఇదీ అని ఒక్క ముక్క లేదు. మళ్లీ నొక్కా, మళ్లీ అంతే. రీస్టార్ట్ చేశా. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, నాలుగు గంటలు, మొబైల్ డేటా మీద. అప్పుడూ అంతే. శుక్రవారానికి పెళ్లికూతురు వాళ్లకి ప్రూఫ్ పంపాలి. నా టెన్షన్ మీరే ఊహించుకోండి.

ముందు పట్టుకెళ్లింది ఇక్కడికి కాదు. ద్వారకానగర్‌లో ఒక అద్దాల షాపు, పేరు వద్దులెండి. కౌంటర్లో కుర్రాడు లాప్‌టాప్ తెరిచి నిమిషం కూడా చూడలేదు, "అన్నా, విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టెయ్యాలి, 1500 అవుద్ది" అన్నాడు. ఎలా తెలిసింది తమ్ముడూ అంటే అందరికీ ఇంతే అన్నాడు. పైగా ఇంకో 500 ఇస్తే ఫొటోషాప్ "ఫుల్ వెర్షన్" వాళ్లే వేసిస్తారట. బాబూ, నేను నెలనెలా డబ్బు కట్టి వాడుతున్నాను, ఒకసారి కొనేసుకునే పద్ధతికి స్వస్తి అని అడోబీ 2013లోనే చెప్పేసింది, నువ్వు వేసే ఫుల్ వెర్షన్ ఏమిటో నాకు తెలీదా? యాంటీవైరస్ ఆపితే గానీ ఎక్కని దొంగ సాఫ్ట్‌వేర్‌ని, జనం పెళ్లి ఫొటోలున్న మెషిన్‌లో పెట్టుకునే ధైర్యం నాకైతే లేదు. ఫార్మాట్ అంటే విండోస్ ఒక్కటే పోదు కదా, పదేళ్ల నుంచి కూడబెట్టుకున్న యాక్షన్లు (మళ్లీ మళ్లీ చేసే పనుల్ని ఫొటోషాప్‌లో రికార్డు చేసి పెట్టుకున్నవి), బ్రష్‌లు, అన్నీ సి డ్రైవ్‌లోనే ఏడిశాయి. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయటికొచ్చేశా.

ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసే మా బావ చెప్పాడు ఈ షాపు సంగతి. మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) రోజుల నుంచి అను అనే తెలుగు ఫాంట్లతో శుభలేఖలూ పరీక్ష పేపర్లూ కొట్టిన మనిషి, డీటీపీ పని తగ్గాక రిపేర్లలోకి దిగారట. గోడ మీద అట్టముక్క: "చూడ్డానికి 200. బాగైతే పని బట్టి. ఫార్మాట్ మాట మీరు ఎత్తొద్దు." నాకు అక్కడే నచ్చేసింది.

లాప్‌టాప్ ఇంకా తెరవకముందే ఒక ప్రశ్న. "చివరిసారి బాగా తెరుచుకుంది ఎప్పుడు, తెరుచుకోనిది ఎప్పుడు, ఈ మధ్యలో ఏటి చేశావు?" ఏమీ చెయ్యలేదు మేడమ్ అన్నా. "ఏటీ చెయ్యకుండా ఏదీ పాడవదు బాబూ, ఆలోచించు" అని టీ చెప్పారు. ఆలోచిస్తే రెండు గుర్తొచ్చాయి. మంగళవారం రాత్రి విండోస్ అప్‌డేట్ అయింది. అదే రాత్రి ఆల్బమ్ మొదటి షీట్ మీద పెళ్లికూతురి పేరు సినిమా టైటిల్‌లా ఉండాలన్నారని, ఎక్కడో ఉచిత తెలుగు ఫాంట్లని ఒక జిప్ దొరికితే దింపుకుని, అన్నీ సెలెక్ట్ చేసి ఇన్‌స్టాల్ కొట్టేశా. ఈ రెండోది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది.

మేడమ్ ముందు టాస్క్ మేనేజర్ తీశారు. తెరమీద కనపడకుండా చచ్చీ చావని ఫొటోషాప్‌లు మూడు వెనకాల నడుస్తున్నాయి, వాటిని ఆపారు. తర్వాత ఈవెంట్ వ్యూయర్, అంటే ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు కూలిందో విండోస్ రాసి పెట్టుకునే చోటు. మనలో చాలామంది దాని జోలికే వెళ్లం. స్టార్ట్ దగ్గర ఆ పేరు కొట్టి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ అన్నదాంట్లోకి వెళ్తే ఎర్ర గుర్తులుంటాయి. ఈవెంట్ నంబరు 1000, అప్లికేషన్ ఎర్రర్. అందులో "ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్" అన్న వరుసలో, ప్రోగ్రామ్ ఏ ఫైలు దగ్గర కూలిందో ఉంటుంది. అక్కడ ఎన్వీతో మొదలయ్యే పేరో, ఐజీతో మొదలయ్యే పేరో ఉంటే ఎన్‌విడియా, ఇంటెల్ గ్రాఫిక్స్ వైపు చూడాలట, అప్పుడు డ్రైవర్ మార్చాలి. నా దాంట్లో కూల్‌టైప్ డీఎల్‌ఎల్ అని ఉంది. అది ఫొటోషాప్‌లో అక్షరాల పని చూసుకునే ముక్క. మేడమ్ తల ఊపారు గానీ వెంటనే ఫాంట్ల మీద పడలేదు. "పడిపోయిన చోటే తప్పుందని కాదు, తోసినోడు వేరే ఉండొచ్చు" అన్నారు. అని, అప్‌డేట్ మీద అనుమానంతో ఒక అరగంట గ్రాఫిక్స్ డ్రైవర్ వెనక్కి మార్చి చూశారు. అది దండగ పని, ఏమీ మారలేదు. కూల్‌టైప్ పేరు చూశాక కూడా ఆ అరగంట ఎందుకో నాకర్థం కాలేదు, మార్కు కోత అక్కడ సగం.

తర్వాత షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఫొటోషాప్ తెరిచారు, అలా చేస్తే బయటి ప్లగిన్‌లు వదిలేసి తెరుచుకుంటుంది. తెరుచుకోలేదు. అంటే ప్లగిన్‌లు కాదు. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి పట్టుకుంటే సెట్టింగులు చెరిపేయమంటావా అని అడుగుతుంది కదా, అది నేనే చెయ్యబోయా. టప్పున చేతి మీద ఒకటి వేశారు, నిజంగానే. ఆ సెట్టింగుల ఫోల్డర్‌లోనే యాక్షన్ల ఫైలూ ఉంటుంది, కాపీ లేకుండా చెరిపితే పదేళ్ల యాక్షన్లు పోతే ఎవరిని అడుగుతావు అన్నారు. ఆవిడ పద్ధతి వేరు. యాప్‌డేటాలో రోమింగ్, అందులో అడోబీ, అందులో ఫొటోషాప్ సెట్టింగ్స్ ఫోల్డర్‌ని పట్టుకుని, పేరు చివర "పాతది" అని తగిలించారు. పాతది కనపడకపోతే ఫొటోషాప్ కొత్తది తనే పెట్టుకుంటుంది, పని జరక్కపోతే పేరు వెనక్కి మార్చేస్తే సరి, ఏదీ పోదు. అదీ చేశారు, అప్పుడూ తెరుచుకోలేదు. పేరు వెనక్కి మార్చేశారు.

ఇక్కడే నాకు మతిపోయింది. విండోస్‌లో "టెస్ట్" అని కొత్త యూజర్‌ని పెట్టి, అందులోంచి ఫొటోషాప్ నొక్కారు. తెరుచుకుంది! రెండు రోజుల తర్వాత ఆ నల్లటి తెర చూసేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ. మేడమ్ మాత్రం స్టూలు మీంచి కదల్లేదు. "అయితే విండోస్ బాగుంది, ఫొటోషాప్ బాగుంది, డ్రైవర్ బాగుంది. పాడైంది నీ యూజర్ ఒక్కడే. సెట్టింగులు కాదని ఇప్పుడే చూశాం. ఇంకేటి మిగిలింది?" ఫాంట్లు.

నాకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ తెలిసింది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, ఫాంట్ మీద ఊరికే ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ యూజర్ ఒక్కడికే ఎక్కుతుంది, అందరికీ కావాలంటే కుడి నొక్కు నొక్కి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అనాలి. ఒక్కడికి ఎక్కినవి విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో పడవు, ఆ యూజర్ యాప్‌డేటాలో లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్ కింద వేరే ఫాంట్స్ ఫోల్డర్ ఉంటుంది, అందులో పడతాయి. అందుకే కొత్త యూజర్‌కి ఆ రోగం అంటలేదు. నా ఫోల్డర్ తెరిస్తే మంగళవారం రాత్రి తేదీతో 214 ఫాంట్లు. సిగ్గేసింది. ఒక్క అమ్మాయి పేరు రాయడానికి.

అన్నీ తీసేస్తే అయిపోతుంది కదా అన్నా. అయిపోతుంది గానీ, పెళ్లికూతురి పేరుకి నచ్చిన ఫాంటు కూడా అందులోనే ఉంది, అది మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుంది? సగం పక్కన పెట్టారు, 107. లాగౌట్, లాగిన్, ఫొటోషాప్. తెరుచుకుంది. అంటే దొంగ పక్కన పెట్టినవాళ్లలో ఉన్నాడు. వాళ్లలో సగం వెనక్కి పెడితే ఫొటోషాప్ మళ్లీ కూలింది. ఇలా సగాలు చేసుకుంటూ ఎనిమిది సార్లు. ఒక్కోసారికి ఐదారు నిమిషాలు, మధ్యలో ఇంకో కస్టమర్ వచ్చి ప్రింటర్ కాట్రిడ్జ్ అడిగితే అతన్ని నిలబెట్టేశారు. చివరికి ఒక్క ఫైలు మిగిలింది. సైజు 11 కేబీ, దాని పక్కనున్న అదే కుటుంబం ఫాంట్లు ఒక్కోటీ 180 కేబీ పైన. సగంలో తెగిపోయిన ఫైలు. విండోస్ దాన్ని చూసీ చూడనట్టు వదిలేసింది, ఫొటోషాప్ మొదలవుతూ ఫాంట్లన్నీ చదువుకుంటూ వెళ్లి దీని దగ్గర బోర్లాపడింది. ఫొటోషాప్‌ని రెండు రోజులు తిట్టినందుకు వెనక్కి తీసుకుంటున్నా, ఆ చెత్త తెచ్చి పెట్టింది నేనే. పెళ్లికూతురి ఫాంటు మాత్రం మంచిదే, బతికింది.

వదిలేస్తారనుకున్నా, వదల్లేదు. సి డ్రైవ్ చూపించి "ఇదెవరు చూస్తారు?" అన్నారు. 256 జీబీలో 6 మిగిలింది. టెంప్ ఫోల్డర్‌లో ఫొటోషాప్ టెంప్ అని మొదలయ్యే ఫైళ్లు, 38 జీబీ. పని మధ్యలో కూలిపోయినప్పుడల్లా ఇవి అలా ఉండిపోతాయి. మనం చేసేవి 12 బై 36 అంగుళాల షీట్లు, 300 రిజల్యూషన్‌లో అడ్డం 10,800, నిలువు 3,600 పిక్సెళ్లు, ఒక్క లేయరే 110 ఎంబీ పైమాట. నలభై లేయర్ల టెంప్లేటు తెరిస్తే ర్యామ్ చాలక డిస్కు మీద రాసుకుంటుంది, ఆ చోటునే స్క్రాచ్ డిస్క్ అంటారు, అది అయిపోతే స్క్రాచ్ డిస్క్ ఫుల్ అంటుంది, ఒక్కోసారి మొదలవడమే మానేస్తుంది. ఈసారి కాకపోతే వచ్చే వారం అదే జరిగేదన్నమాట. ఫొటోషాప్ మూసి ఉండగానే ఆ ఫైళ్లు తీసేసి, తెరిచేటప్పుడు కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని స్క్రాచ్ డిస్కుని డి డ్రైవ్‌కి మార్చారు. ఇది నేను అడగని పని, దీనికి డబ్బు తీసుకోలేదు.

తెలుగు ఫాంట్లు కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగానే ఉన్నాయి, యూనికోడ్‌వి, ఒకటొకటే దింపుకో, జిప్‌లు మూటగట్టుకు రాకు అని క్లాసు పీకారు. క్లాసు మాత్రం పది నిమిషాలు ఎక్కువైంది.

మొత్తం మూడున్నర గంటలు. 600 తీసుకున్నారు, ఫోన్‌పే చేశా. బిల్లు అడిగితే డైరీ కాయితం చింపి రాసిచ్చారు, జీఎస్టీ బిల్లు కావాలనుకునేవాళ్లు ఇక్కడికి రావద్దు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షట్టర్ దించేస్తారు, బతిమాలినా తియ్యరు. ఫోన్ చేసి వెళ్దామంటే ఎత్తరు, మార్కు కోతలో మిగతా సగం దానికి. అర్జెంటు, పది నిమిషాల్లో కావాలి అనేవాళ్లకి అద్దాల షాపే కరెక్టు. పాత అను ఫైళ్లు తెరుచుకోకపోయినా, ఫాంట్ల గొడవలైనా, ఎందుకు కూలిందో తెలుసుకోవాలని ఉన్నా ఇక్కడికి వెళ్లండి, ఛార్జర్ తీసుకెళ్లండి, ఆవిడ దగ్గర ఉన్న ప్లగ్గులన్నీ ఎప్పుడూ నిండే ఉంటాయి.

ప్రూఫ్ శుక్రవారం సాయంత్రం పంపేశా. పెళ్లికూతురు వాళ్ల నాన్నగారు చూసి, అన్నీ బాగున్నాయి గానీ ఆ పేరు మామూలు అక్షరాల్లో పెట్టెయ్యి బాబూ, చదవలేకపోతున్నాం అన్నారు. మార్చేశా, రామభద్రలో.

వచ్చే వారం మా తమ్ముడి లాప్‌టాప్ తీసుకెళ్లాలి, కీబోర్డు మీద టీ పోశాడు. పొద్దున్నుంచి మేడమ్‌కి మూడుసార్లు ఫోన్ చేశా, ఎత్తలేదు.