ఆరేళ్లు వాడకుండా ఉంచిన గిటారు, వీణ తీగలు: ఉక్కపోత కన్నా రబ్బరు బ్యాండే ఎక్కువ తిన్నది

నా కోపమంతా రబ్బరు బ్యాండు మీదే, ముందే చెప్పేస్తున్నా. వాడని తీగలు పాడైతే విజయవాడ ఉక్కపోతను తిట్టడం నాకు అలవాటు. దాని పాత్ర లేదని కాదు. కానీ 2019లో కొని దాచిన తీగలన్నీ మొన్న బయటికి తీసి, ఒక్కో పొట్లం విప్పి చూస్తే లెక్క మారింది. బాగా దెబ్బతిన్నవన్నీ బ్యాండు వేసి కట్టలు కట్టినవే.

పెట్టెలో ఉన్నవి గిటారుకు 12–53 (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఫాస్ఫర్ బ్రాంజ్ సెట్లు, క్లాసికల్ గిటారుకు నైలాన్ సెట్లు, వీణకు సారణి, పంచమం ఉక్కు తీగలు, మంద్రానికి చుట్టు తీగలు (లోపలి తీగ మీద ఇంకో సన్న తీగ చుట్టినవి), తంబూరాకు ఒక ఇత్తడి చుట్ట. ఇల్లు బందరు కాలువకు దగ్గర, ఆ గదిలో ఏసీ లేదు.

నైలాన్ సెట్ల సంగతి చూడండి. సన్న తీగలు మూడూ వట్టి నైలాన్, వాటికేమీ కాలేదు, ఇంకో పదేళ్లున్నా కాదనుకుంటా. లావు తీగలు మూడూ అలా కాదు. సన్నని నైలాన్ పోగుల మీద వెండి పూత పూసిన రాగి తీగ చుట్టి ఉంటుంది. వాటిని కాగితం కవర్లలోంచి తీసి సాగదీస్తే, బ్యాండు ఆనిన ప్రతిచోటా పెన్సిలు మందాన నల్లటి పట్టీ. చుట్టగా ఉన్న తీగ బ్యాండు కిందికి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఆ పట్టీలు కూడా కొలిచినట్టు సమాన దూరంలో వచ్చాయి. కట్లపాము చారలకు రంగులు తిరగేసినట్టుంది. పట్టీకి పట్టీకి మధ్య మాత్రం తీగ తళతళలాడుతోంది!

కారణం గంధకం. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు. అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తూనే ఉంటుంది, కాగితం దాన్ని ఆపలేదు. వెండికీ రాగికీ గంధకం పడదు, పూజగదిలో వెండి కుంది నల్లబడేదీ దానివల్లే. పైగా మన మే నెల ఎండకు బ్యాండు మెత్తబడి జిగురై కవరుకు అతుక్కుపోతుంది, లాగితే కాగితంతో సహా ఊడి వస్తుంది.

ఆ నలుపు గుడ్డతో తుడిస్తే పోదు. రాగి చెంబులా చింతపండు పెట్టి తోమితే మెరుస్తుందని కొందరంటారు. బ్రాంజ్ తీగల మీద ఆ పని అసలు చేయొద్దు. పులుపు చుట్ల సందుల్లోకి దిగి లోపలి ఉక్కు తీగకు తుప్పు పట్టిస్తుంది, పైకి కనపడదు. పాలిష్ పొడి కూడా ఆ సందుల్లోనే కూరుకుపోయి నాదాన్ని చంపేస్తుంది. నైలాన్ సెట్‌లో పట్టీలు పడ్డ ఐదో తీగను ఎక్కించి చూశాను. శ్రుతి నిలిచింది, తెగలేదు. మీటితే మాత్రం మోత కొద్దిసేపటికే ఆగిపోయింది, నెల రోజులు వాడిన తీగలా.

ఇక మెచ్చుకోవాల్సింది సీలు పౌచ్‌ని. డాడారియో కంపెనీ సెట్లలో ఆరు తీగలూ ఒకే ప్లాస్టిక్ పౌచ్‌లో వస్తాయి, లోపల తుప్పును అడ్డుకునే ఆవిరి పదార్థం ఉంటుంది. ఆరేళ్ల తర్వాత విప్పితే నిన్న కొన్నట్టున్నాయి. తడిలేని దూదితో ఒక చివర నుంచి రెండో చివరకు లాగాను, ఎక్కడా పట్టలేదు, మరక కాలేదు. ఐదుకు ఐదు మార్కులు.

ఆ మార్కులు విప్పని పౌచ్‌కే లెండి. మనలో ఎక్కువమంది ఒకటో తీగ తెగిందని సెట్ విప్పి, మిగతా ఐదింటినీ అదే పౌచ్‌లో మడిచి పెట్టేస్తాం. సీలు పోయాక ఆ ఆవిరీ పోతుంది. నా దగ్గర అలా మిగిలిన వాటిలో రెండు వానాకాలాలు గడిచాక రెండో తీగకు తుప్పు వచ్చింది. అదీ మధ్యలో కాదు, తీగ చివర ఉండే పూస దగ్గర మెలి తిప్పిన చోట. ఉక్కు తీగకు పైన తగరం పూత ఉంటుంది, మెలి తిప్పిన చోట అది చిట్లుతుంది, ఆ మెలికల్లోనే తేమ నిలుస్తుంది. 12 గేజీ ఒకటో తీగనే తీసుకోండి, మందం 0.3 మిల్లీమీటర్లు. బిగించాక దాని మీద పది కిలోల పైచిలుకు లాగుడు. అంత సన్నని దాంట్లో చిన్న గుంట పడినా చాలు, శ్రుతి చేస్తుండగానే పూస దగ్గర టప్‌మంటుంది. కాబట్టి పాత తీగ ఎక్కించే ముందు తళుకు చూసి మోసపోకండి, మెలి చూడండి. తేమ తగలకుండా పూత వేసిన కోటింగ్ సెట్లు కొంటే ఈ బెడద ఉండదని గతంలో చాలామందికి చెప్పాను. కొన్ని సెట్లలో ఆ పూత చుట్టు తీగలకే ఉంటుంది, ఒకటో తీగ, రెండో తీగ వట్టివే. ఆ మాట ఇప్పుడు సగం వెనక్కి తీసుకుంటున్నా.

వీణ తీగలు విడి చుట్టలుగా కాగితంలోనే వస్తాయి, సీలు మాటే లేదు. సారణికి, పంచమానికి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క గుడ్డకు అద్ది తుడిచి పెడితే తుప్పు రాలేదు. ఎక్కించే ముందు పొడిగుడ్డతో ఆ నూనె తీసేయాలి. కొబ్బరినూనె వద్దు, నిలవుంటే ముక్కిపోయి జిడ్డు కడుతుంది. చుట్టు తీగలకు ఏ నూనే వద్దు, సందుల్లో దిగితే మూగబోతాయి.

ఇత్తడి తీగకు శత్రువు వేరే, అమ్మోనియా. వెనకటికి బ్రిటిష్ సైన్యం మన దేశంలో తూటాల ఇత్తడి డొప్పల్ని గుర్రపుశాలల్లో నిల్వ చేస్తే వానాకాలంలో వాటంతట అవే పగిలేవి. తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడికి గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తోడవడం వల్లేనని 1921లో తేల్చారు. సాగదీసి చేసిన తంబూరా తీగలోనూ అలాంటి ఒత్తిడే దాగి ఉంటుంది. అద్దాలు తుడిచే ద్రావణాలున్న అలమరలో దాన్ని పెట్టకండి.

ఇప్పుడు విప్పిన పౌచ్‌లూ, విడి చుట్టలూ మరమూత గాజు సీసాలోకి మారాయి. లీటరు సీసాకు తేమ పీల్చే నీలం సిలికా జెల్ 20 గ్రాములు వేశాను. గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టాలి. ఆ నీలం కోబాల్ట్ లవణం, దాన్ని వంట మూకుళ్లలో వేయించొద్దు. రంగు మారినా అలాగే వదిలేస్తే, ఎండలు ముదిరాక పీల్చిన తేమనే సీసాలోకి తిరిగి వదులుతుంది. ఫ్రిజ్ ఆలోచన అసలే వద్దు, బయటికి తీయగానే తీగకు చెమట పడుతుంది.

గుంటూరు బ్రాడీపేటలో ఏసీ గదిలో వాయించుకునేవాళ్లకు ఇంత తతంగం అనవసరం కావచ్చు. నెలనెలా తీగలు మార్చేవాళ్లకైతే అసలే అక్కర్లేదు. నా వాడకం తక్కువ, నిల్వ ఎక్కువ, అందుకే పౌచ్‌కు మొత్తం మీద ఐదుకు మూడున్నరే. విప్పిన తేదీ పౌచ్ మీదే పెన్నుతో రాస్తున్నాను. కట్టలకు మాత్రం మిఠాయి పొట్లాల పురికొస.