స్టీలు కాక్‌టెయిల్ సెట్టు: కొన్ని వేసవులు వాడాక

హైదరాబాదు ఎండల్లో విస్కీ జోలికి వెళ్ళబుద్ధి కాదు. జిన్, వైట్ రమ్, నిమ్మకాయ, సోడా ఉంటే చాలు. వాటి కోసమే ఈ స్టీలు సెట్టు కొన్నాను. మూడు ముక్కల షేకర్, 30-60 మి.లీ. పెగ్ మెజర్, పొడుగు స్పూను, పుదీనా నలిపే చెక్క కర్ర, స్టాండు. ఇన్ని వేసవులు వాడాక నా మాట ఒకటే: షేకర్‌ని చూసి కొంటాం, రోజూ పనికొచ్చేది మాత్రం పెగ్ మెజరే.

మన నిమ్మకాయలు చిన్నవి, పులుపు గట్టిగా ఉంటుంది, కాయకీ కాయకీ రసం తేడా. 'ఒక చెక్క పిండండి' అనే లెక్కతో ఏ రోజూ ఒకే రుచి రాదు. టామ్ కాలిన్స్ అనే జిన్ కాక్‌టెయిల్‌కి 60 మి.లీ. జిన్, 30 నిమ్మరసం, 20 పంచదార పాకం పోసి, గ్లాసు నిండా ఐసు వేసి, మిగతాది సోడాతో నింపండి. అంతే. చల్లటి డ్రింకులో పంచదార సరిగా కరగదు కాబట్టి, సమానంగా పంచదార, నీళ్ళు కలిపి కరిగించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సుఖం. జిన్ అండ్ టానిక్‌కైతే అదీ అక్కర్లేదు.

వీటిలో దేనికీ షేకర్ తప్పనిసరి కాదు. నాకది నిజంగా కావాల్సింది డైకిరీకే: 60 వైట్ రమ్, 25 నిమ్మరసం, 20 పాకం, బోలెడు ఐసు. పది పదిహేను సెకన్లు గట్టిగా ఊపాలి. అప్పుడు కరిగే ఐసు నీళ్ళు కూడా ఆ డ్రింకులో భాగమే. అసలు తలనొప్పి మూత తీసేటప్పుడు మొదలవుతుంది. చలికి స్టీలు ముడుచుకుని, లోపలి గాలి కూడా తగ్గి మూత బిగుసుకుపోతుంది. అంచు మీద కాసేపు గోరువెచ్చని నీళ్ళు పోస్తే వదులుతుంది. మూతలోని జల్లెడ పుదీనా ఆకులకి మూసుకుపోతుంది, కాబట్టి టీ వడపోత పక్కన ఉంచుకోవాలి. సోడా పోసి ఊపితే ఏమవుతుందో మా బావమరిది చూపించాడు. గోడ మీద మరక ఇంకా ఉంది.

చెక్క కర్రకి పూసిన వార్నిష్ మొదటి వేసవిలోనే పెచ్చులూడింది, పారేశాను. మోజితోకి (రమ్, పుదీనా, నిమ్మరసం, సోడా కలిపే డ్రింకు) ఇప్పుడు పప్పుగుత్తి వాడుతున్నాను, ఇంకా బాగుంది. పుదీనాని పచ్చడిలా నూరకుండా రెండుసార్లు మెల్లగా నొక్కి వదిలేయాలి, లేకపోతే చేదెక్కుతుంది. స్టాండు తుప్పు పట్టింది. షేకర్, మెజర్‌కి మాత్రం ఒక్క మచ్చ రాలేదు.

మందు తాగనివాళ్ళకీ ఈ మెజర్ పనికొస్తుంది. మా ఇంట్లో 30 నన్నారి షర్బతు, 15 నిమ్మరసం, పైన సోడా పోస్తే పిల్లలు రెండో గ్లాసు అడుగుతారు. అందులోనే 45 వైట్ రమ్ పోసుకుంటే పెద్దవాళ్ళకీ బాగుంటుంది, పాకం పని కూడా తప్పుతుంది.

డైకిరీ ఇష్టం లేనివాళ్ళు సెట్టు కొనకండి. ఒక పెగ్ మెజర్, పొడుగు స్పూను విడిగా తెచ్చుకోండి. మిగిలిన డబ్బు ఐసు ట్రేలకి పెట్టండి, పెద్ద గడులు ఉన్నవి చూసి తీసుకోండి. మే నెలలో చిన్న ఐసు ముక్కలు గ్లాసు సగం అయ్యేలోపే నీళ్ళైపోతాయి.