బరువు తగ్గించే ఆన్‌లైన్ డైట్ సేవ: కిడ్నీలో రాళ్ల బెడద ఉన్నవారి వైపు నుంచి ఒక సమీక్ష

నెలవారీ చందాతో నడిచే ఒక ఆన్‌లైన్ డైట్ సేవను కొంతకాలం వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. సంస్థ పేరు రాయడం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపాలు ఆ ఒక్క సంస్థకే పరిమితమైనవని అనుకోవడం లేదు కూడా. ఎన్ని కిలోలు తగ్గారు, వంటకాలు తినేలా ఉన్నాయా, యాప్ సాఫీగా పనిచేస్తోందా అన్న విషయాల మీద సమీక్షలకు కొదవ లేదు. ఒకసారి కిడ్నీలో రాయి ఏర్పడి, అది మూత్రనాళంలోకి దిగినప్పటి నొప్పి ఎలాంటిదో అనుభవించిన మనిషి ఇలాంటి ప్లాన్‌ను నమ్ముకోవచ్చా అన్న సందేహానికి మాత్రం వాటిలో జవాబు దొరకదు. నేను ఆ కోవకు చెందినవాణ్ణి కాబట్టి సేవను ఆ ఒక్క కోణం నుంచే పరిశీలిస్తున్నాను.

ముందుగా ఒక విషయం చెప్పాలి. రాళ్ల భయంతో బరువు తగ్గించుకోవడమే మానుకోవాలనడం సరికాదు. అధిక బరువు వల్ల కూడా రాళ్ల ముప్పు పెరుగుతుందని 2005లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. యుక్తవయసు నాటి బరువు కన్నా సుమారు 16 కిలోలకు పైగా పెరిగిన పురుషుల్లో, పెరగనివారితో పోలిస్తే ఈ ముప్పు దాదాపు 39 శాతం ఎక్కువగా కనిపించింది. శరీరంలో కొవ్వు, దానితో పాటు ఇన్సులిన్ నిరోధకత పెరిగే కొద్దీ మూత్రంలో ఆమ్లత్వం పెరుగుతుంది, యూరిక్ ఆమ్లపు రాళ్లు ఏర్పడడానికి అది దారి తీస్తుంది. కాబట్టి మా వంటివారు బరువు తగ్గడం మంచిదే. అయితే తగ్గించే పద్ధతి ఏమిటన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది, ఈ సేవ తడబడింది సరిగ్గా అక్కడే.

చేరేటప్పుడు నింపాల్సిన నమోదు పత్రం చాలా వివరంగా ఉంటుంది. మధుమేహం, రక్తపోటు, థైరాయిడ్, గర్భం, ఆహారపు అలర్జీలు, నిద్రవేళలు, చివరికి రోజుకు ఎన్ని మెట్లు ఎక్కుతామన్నది కూడా అడుగుతారు. కిడ్నీ జబ్బు ఉందా అన్న ప్రశ్న ఉంది గానీ, రాళ్ల చరిత్ర గురించి ప్రత్యేకంగా అడగరు. రాయి వచ్చి పోయిన మనిషికి కిడ్నీలు మామూలుగానే పనిచేస్తూ ఉండవచ్చు కనుక ఆ ప్రశ్నకు 'లేదు' అని జవాబిస్తాడు, అది తప్పు కూడా కాదు. నేను 'ఇతరాలు' అన్న గడిలో విషయం రాశాను. దాని వల్ల నాకు వచ్చిన చార్టులో ఒక్క మార్పు కూడా జరిగినట్టు కనిపించలేదు.

ఇక్కడ మూడు రకాల ప్లాన్లు ఉన్నాయి. పిండిపదార్థాలు బాగా తగ్గించి ప్రొటీన్ పెంచేది మొదటిది, పిండిపదార్థాలు దాదాపు మానేసి ఎక్కువగా కొవ్వు మీదే ఆధారపడే పూర్తి కీటో రెండవది, అన్నీ మితంగా ఉండే 'సమతుల' ప్లాన్ మూడవది. యాప్ తెరవగానే కనిపించేదీ, కోచ్‌లు గట్టిగా సిఫారసు చేసేదీ మొదటిదే కాబట్టి నేనూ దానితోనే మొదలుపెట్టాను. మొదటి వారంలో బరువు చకచకా తగ్గింది, యాప్ తెర మీద అభినందనలు కురిశాయి. కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉండే గ్లైకోజెన్ ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు ఆపగానే ఆ నిల్వ కరిగి నీరు బయటికి పోతుంది. అంటే మొదటి వారంలో తగ్గే బరువులో పెద్ద వాటా నీటిదే. పోయిన నీటిని భర్తీ చేయకపోతే మూత్రం చిక్కబడుతుంది. రాళ్లు వచ్చే మనిషికి అది శుభవార్త కాదు.

చార్టులో నాకు నిర్ణయించిన ప్రొటీన్ శరీర బరువులో ప్రతి కిలోకు 2 గ్రాములు. ఆరోగ్యవంతులైన పెద్దలకు సాధారణంగా సిఫారసు చేసేది 0.8 గ్రాములు. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కొంత ఎక్కువ తీసుకోవడంలో తప్పు లేదు, కానీ ఆ ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తోందన్నది కూడా చూడాలి. ఈ చార్టులో అది దాదాపు మొత్తంగా మాంసం, చేపలు, గుడ్లు, వాటికి తోడు వే ప్రొటీన్ పౌడర్ నుంచి వస్తుంది. జంతు ప్రొటీన్‌లో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ, అవి విచ్ఛిన్నమైనప్పుడు శరీరంలో ఆమ్ల భారం పెరుగుతుంది. దాన్ని సర్దుకునే క్రమంలో మూత్రంలోకి క్యాల్షియం ఎక్కువగా పోతుంది, సిట్రేట్ తగ్గిపోతుంది. సిట్రేట్ క్యాల్షియంను పట్టుకుని, అది కొన్ని ఆకుకూరలు, గింజల వంటి వాటిలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థంతో కలిసి స్ఫటికంగా మారకుండా అడ్డుకునే పదార్థం. అంటే రాయికి కావలసిన సరుకు పెరిగి, దాన్ని ఆపే కావలి తగ్గుతుందన్నమాట. మాంసంలోనూ చేపల్లోనూ ఉండే ప్యూరిన్ల వల్ల యూరిక్ ఆమ్లం పెరగడం దీనికి అదనం. 2002లో అమెరికాలో 10 మంది ఆరోగ్యవంతుల చేత 6 వారాల పాటు ఇలాంటి ఆహారమే తినిపించి పరీక్షించినప్పుడు సరిగ్గా ఈ మార్పులే బయటపడ్డాయి. పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, ఆహారమంతా పరిశోధకులే సమకూర్చిన అధ్యయనం కనుక దాన్ని తేలికగా కొట్టిపారేయలేము.

ఇక ఉదయపు అల్పాహారం సంగతి. 'డిటాక్స్ గ్రీన్ స్మూతీ' అన్న పేరుతో చార్టులో ప్రతిరోజూ కనిపించే ఈ పానీయంలో రెండు గుప్పిళ్ల పచ్చి పాలకూర, ఒక గుప్పెడు బాదం, చియా గింజలు, నీళ్లు ఉంటాయి. చూడటానికి ఎంతో ఆరోగ్యకరంగా ఉంటుంది. పాలకూరలో ఆక్సలేట్ అసాధారణంగా ఎక్కువ, బాదంలోనూ తక్కువేమీ కాదు. అదే గ్లాసులో పాలో పెరుగో ఉంటే వాటిలోని క్యాల్షియం పేగులోనే ఆక్సలేట్‌తో కలిసి మలంతో బయటికి పోయేది. ఈ ప్లాన్‌లో పాలు, పెరుగు నిషిద్ధం కాబట్టి ఆక్సలేట్‌కు అడ్డు లేకుండా పోయింది. రోజుల తరబడి ఇలాంటి ఆకుకూర రసాల మీదే ఆధారపడినవారిలో ఆక్సలేట్ పేరుకుని కిడ్నీలే దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అవి అరుదైనవే గానీ, రాళ్ల చరిత్ర ఉన్న మనిషికి ప్రతి ఉదయం ఈ పానీయం రాసి ఇవ్వడం నా దృష్టిలో ఈ సేవ చేసిన అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

క్యాల్షియం రాళ్లు వచ్చేవారు పాలు, పెరుగు మానేయాలన్న అపోహ చాలామందిలో ఉంది, మా కోచ్ కూడా ఆ మాటే అన్నారు. దీన్ని తోసిపుచ్చే బలమైన ఆధారం ఇటలీ నుంచి 2002లో వచ్చింది. పదేపదే క్యాల్షియం ఆక్సలేట్ రాళ్లు వస్తున్న 120 మంది పురుషులను రెండు జట్లుగా చేసి 5 సంవత్సరాలు గమనించారు. క్యాల్షియం తగ్గించిన జట్టులో 60 మందిలో 23 మందికి మళ్లీ రాళ్లు రాగా, క్యాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, జంతు ప్రొటీన్ తగ్గించిన జట్టులో 12 మందికే వచ్చాయి. మొదటి ప్లాన్ చార్టును దీని పక్కన పెట్టి చూస్తే, మంచి ఫలితం ఇచ్చిన ఆహారాన్ని అంశాల వారీగా తలకిందులు చేసినట్టు అనిపిస్తుంది. తలనొప్పి, నీరసం వచ్చినప్పుడు ఉప్పు కలిపిన సూపులు, ఎలక్ట్రోలైట్ పొడులు తాగమని యాప్ సలహా ఇస్తుంది. ఉప్పులోని సోడియం కిడ్నీల ద్వారా బయటికి పోయేటప్పుడు క్యాల్షియంను కూడా వెంట తీసుకుపోతుంది.

కోచ్ మర్యాదస్తురాలు, ఎప్పుడు సందేశం పంపినా గంటలోపే జవాబు ఇచ్చేవారు. కానీ రాళ్ల గురించి అడిగినప్పుడు వచ్చిన మొదటి జవాబు పిత్తాశయంలో ఏర్పడే రాళ్ల గురించి. అతి వేగంగా బరువు తగ్గితే అవి వచ్చే మాట నిజమే, అయితే అవి వేరు, కిడ్నీ రాళ్లు వేరు. ఆ సంగతి చెప్పాక "అయితే నీళ్లు ఎక్కువగా తాగండి సార్" అన్నారు. ఆ సలహాలో తప్పు లేదు. ఇటలీలోనే 1996లో వెలువడిన మరో పరిశోధనలో, రోజుకు కనీసం 2 లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగినవారిలో 5 ఏళ్లలో 12 శాతం మందికి, అలా తాగనివారిలో 27 శాతం మందికి రాయి తిరిగి వచ్చింది. అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు రోజుకు కనీసం 2.5 లీటర్ల మూత్రం రావాలంటాయి. ఇక్కడ గమనించాల్సింది లెక్క తాగిన నీటిది కాదు, బయటికి వచ్చిన మూత్రానిది. యాప్‌లోని నీటి లెక్క మాత్రం ఎనిమిది గ్లాసులు నిండగానే పచ్చ గుర్తు చూపించి నిద్రపోతుంది. వ్యాయామం చేసి చెమటలు కక్కిన రోజున కూడా అదే ఎనిమిది.

చందాతో పాటు ఇచ్చే సప్లిమెంట్ల డబ్బా గురించి కూడా చెప్పాలి. రాత్రి పడుకునే ముందు క్యాల్షియం మాత్ర వేసుకోమని దాని మీద రాసి ఉంది. ఆహారంలోని క్యాల్షియం రాళ్ల ముప్పును తగ్గిస్తుంది, కానీ భోజనానికి సంబంధం లేకుండా మింగిన మాత్రకు పేగులో పట్టుకోవడానికి ఆక్సలేట్ దొరకదు. అది రక్తంలోకి చేరి చివరికి మూత్రంలో తేలుతుంది. వైద్యులు చెబితే వేసుకోవలసి వచ్చినా భోజనంతో కలిపి వేసుకోవడం మేలు. అదే డబ్బాలో నీళ్లలో బుసబుస కరిగే 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్లలు కూడా ఉన్నాయి. శరీరం విటమిన్ సిలో కొంత భాగాన్ని ఆక్సలేట్‌గా మారుస్తుంది. ఈ మోతాదు బిళ్లలు వాడిన స్వీడన్ పురుషుల్లో రాళ్లు దాదాపు రెట్టింపుగా కనిపించాయని 2013లో ఒక పరిశోధన తెలిపింది. నేను ఆ డబ్బాను పక్కన పెట్టేశాను.

రెండవదైన కీటో ప్లాన్ నేను వాడలేదు, అందువల్ల దాని వంటకాల మీద తీర్పు ఇవ్వను. మూర్ఛ వ్యాధి అదుపు కోసం పిల్లలకు ఇచ్చే కఠినమైన కీటో ఆహారంలో రాళ్లు రావడం వైద్యులకు చాలాకాలంగా తెలిసిన విషయమే. వారికి ముందు జాగ్రత్తగా పొటాషియం సిట్రేట్ ఇచ్చినప్పుడు ఆ బెడద బాగా తగ్గింది. ఇక్కడి కీటో ప్లాన్ వివరాల్లో సిట్రేట్ ఊసే లేదు. అదే యాప్‌లో అదనపు సదుపాయంగా ఉన్న ఉపవాస గడియారం, ఉపవాస సమయంలో నీళ్లు తాగవచ్చునని ఎక్కడో చిన్న అక్షరాల్లో చెబుతుంది. ఆ వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండవలసింది.

బరువు తగ్గించే మందుల కోసం ఆన్‌లైన్‌లో వైద్యుణ్ణి సంప్రదించే ఏర్పాటు కూడా ఉంది. అందులోకి వెళ్లే ముందు రాళ్ల సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. కొవ్వు జీర్ణం కాకుండా ఆపే ఓర్లిస్టాట్ వాడినప్పుడు పేగులో మిగిలిపోయిన కొవ్వు క్యాల్షియంను కట్టేస్తుంది, దానితో ఆక్సలేట్ స్వేచ్ఛగా రక్తంలోకి చేరుతుంది. కొన్ని మందుల్లో భాగంగా ఉండే టోపిరమేట్ మూత్రంలో సిట్రేట్‌ను తగ్గించి, క్యాల్షియం ఫాస్ఫేట్ రాళ్లకు అవకాశం ఇస్తుంది.

నాకు ఉపయోగపడింది మూడవదైన సమతుల ప్లాన్. ఇందులో కేలరీల కోత స్వల్పం, పండ్లు, కూరగాయలు పుష్కలం, కొవ్వు తక్కువగా ఉన్న పాల పదార్థాలు భోజనంలో భాగం, ప్రొటీన్‌లో సగానికి పైగా పప్పుల నుంచి వస్తుంది, ఉప్పుకు పరిమితి ఉంది, తీపి పానీయాలకు చోటు లేదు. రక్తపోటు తగ్గించడానికి రూపొందించిన డ్యాష్ ఆహారానికి ఇది దగ్గరగా ఉంది. అలాంటి ఆహారం తినేవారిలో రాళ్లు 40 శాతానికి పైగా తక్కువగా కనిపించాయని 2009లో ఒక విస్తృత పరిశీలన చూపింది. ఉదయం నిమ్మరసం కలిపిన నీళ్లు ఇందులో ఒక అలవాటుగా ఇచ్చారు. నాలుకకు పుల్లగా ఉన్నా, నిమ్మరసంలోని సిట్రేట్ మూత్రం చేరేసరికి రాళ్లను అడ్డుకునే పనే చేస్తుంది.

యూరాలజిస్టు సలహా మీద రెండు ప్లాన్లలోనూ 24 గంటల మూత్ర పరీక్ష చేయించాను. ఒక రోజంతా వచ్చిన మూత్రాన్ని డబ్బాలో పట్టి ఇచ్చే ఈ పరీక్షలో మూత్రం పరిమాణం, ఆమ్లత్వం, క్యాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, యూరిక్ ఆమ్లం, సోడియం విడివిడిగా తేలుతాయి. మొదటి ప్లాన్‌లో ఉన్నప్పుడు మూత్రం పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) 5.5 కన్నా దిగువకు, అంటే యూరిక్ ఆమ్లం సులభంగా గడ్డకట్టే స్థాయికి పడిపోయింది, సిట్రేట్ కూడా ఉండవలసిన దానికన్నా తక్కువ వచ్చింది. సమతుల ప్లాన్‌లో ఆ రెండూ కోలుకున్నాయి. ఒక్కడి ఫలితాలను అందరికీ వర్తింపజేయలేము. ఎవరి రాయి ఏ రకమో, ఎవరి మూత్రంలో ఏ లోపం ఉందో వేరుగా ఉంటుంది కాబట్టి, ఇదివరకు రాయి వచ్చినవారు ఏ ప్లాన్‌లో చేరినా ముందు ఒకసారి, చేరిన కొన్ని వారాలకు మరోసారి ఈ పరీక్ష చేయించుకోవడం మేలు.

కనుక ఈ సేవకు నేను ఇచ్చే మార్కులు ప్లాన్‌ను బట్టి మారుతాయి. సమతుల ప్లాన్‌కు ఐదుకు నాలుగు. ఒక మార్కు తగ్గించింది బరువు నెమ్మదిగా దిగుతున్నందుకు కాదు, ఆ వేగం నాకు సమ్మతమే. పప్పుల వంటకాలు వారానికోసారి అవే తిరిగి వస్తుంటాయి, నీటి లెక్క అందులోనూ అదే ఎనిమిది గ్లాసులు. ఎక్కువ ప్రొటీన్ ప్లాన్‌కు, రాళ్ల చరిత్ర ఉన్నవారి విషయంలో, ఐదుకు ఒకటి. రాళ్ల చరిత్ర లేనివారికి అంత భయం అక్కరలేదు గానీ, వారు కూడా స్మూతీలో పాలకూర తగ్గించుకుని పెరుగు కలుపుకోవడం మంచిది. ఒక ప్లాన్ నుంచి మరొక దానికి మధ్యలో మారడానికి అదనపు రుసుము అడగలేదు, మారిన మరుసటి రోజుకే కొత్త చార్టు వచ్చింది. పాత ప్లాన్‌తో పాటు పంపిన ప్రొటీన్ పౌడర్ డబ్బాలను మాత్రం, సీలు విప్పకపోయినా, వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు.