పేగు మెలిపడిందన్న అనుమానానికి ఏ స్కాన్? ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీలపై మా రివ్యూ

పొట్ట బిర్రుగా ఉబ్బి, మలం సంగతి అటుంచి గాలి కూడా పోకుండా, నొప్పి తెరలు తెరలుగా వస్తుంటే పేగు మెలిపడిందేమో చూడాల్సిందే. ఏళ్ల తరబడి మలబద్ధకం ఉన్నవాళ్లలో, మంచాన పడ్డ వృద్ధుల్లో పెద్దపేగు చివర ఉండే సిగ్మాయిడ్ మెలితిరుగుతుంది. వాంతులు ఆలస్యంగా మొదలవుతాయి కాబట్టి ఇంట్లో గ్యాసేనని సరిపెట్టుకుంటారు.

ఎక్స్‌రే చవక, నిమిషాల్లో అయిపోతుంది. సిగ్మాయిడ్ అయితే కాఫీ గింజ ఆకారంలో ఉబ్బిన పేగు పొత్తికడుపు నుంచి పైకి లేచి కనిపిస్తుంది. నిలబెట్టి తీస్తే డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరపు పొర) కింద గాలి ఉందో లేదో, అంటే పేగుకు చిల్లు పడిందో లేదో తెలుస్తుంది. సీకమ్ (పెద్దపేగు మొదటి భాగం), చిన్నపేగు మెలికల్ని మాత్రం తరచూ వదిలేస్తుంది. ఫిల్మ్ బాగుందని రోగిని ఇంటికి పంపేయకూడదు.

పెద్దవాళ్లకు అల్ట్రాసౌండ్ దండగ. ఉబ్బిన పేగులోని గాలి శబ్దతరంగాల్ని అడ్డుకుంటుంది, అయినా అందరూ ముందు రాసేది అదే! పసిబిడ్డల్లో లెక్క వేరు. నెలలోపు బిడ్డ పసరు వాంతి చేసుకుంటే మిడ్‌గట్ వాల్వులస్ (చిన్నపేగు మెలిపడటం) అనుమానించి వెంటనే డాప్లర్, అంటే రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్ తీయాలి. పేగుకు వెళ్లే ధమని చుట్టూ సిర సుడి తిరిగి కనిపిస్తుంది. తేలకపోతే కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనిపించేలా చేసే మందు) తాగించి ఎక్స్‌రేలు తీస్తారు.

మా ఓటు కాంట్రాస్ట్ సీటీకే. మెలిక ఎక్కడ పడిందో చూపడమే కాదు, పేగుకు రక్తం అందుతోందో లేదో చెప్పేది ఇదే. డబ్బు మిగులుతుందని ప్లెయిన్ సీటీతో సరిపెడితే ఈ రెండో జవాబు సరిగా దొరకదు. కాంట్రాస్ట్ నరంలోకి ఎక్కిస్తే చాలు. నోటితో తాగించి గంటలు కూర్చోబెట్టే సెంటర్ అయితే వద్దనండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కోసం ఆపడం కూడా సబబు కాదు. రిపోర్టులో పేగు గోడ కాంట్రాస్ట్ పట్టలేదనో, గోడలో గాలి ఉందనో రాస్తే పేగు చచ్చిపోతోందని అర్థం, నేరుగా ఆపరేషనే. రక్తంలో లాక్టేట్ (రక్తం అందక కణజాలం దెబ్బతింటే పెరిగే పదార్థం) నార్మల్ వచ్చినా ధీమా పడొద్దు, మొదట్లో అది పెరగకపోవచ్చు.

పేగు బతికే ఉంటే సిగ్మాయిడ్ మెలికను ఎండోస్కోపీతో విప్పి, గొట్టం ఉంచుతారు. మళ్లీ మెలిపడే అవకాశం ఎక్కువ కాబట్టి, వీలైతే అదే అడ్మిషన్‌లో ఆ భాగం తీసేస్తారు. ఈలోగా ఆముదం, సోడా, ఇంట్లో ఎనిమా ఏదీ వద్దు.