ఎర్ర తువ్వాలు గుంటడితో మూడేళ్లు

ముందే చెప్పేస్తాను, ఈ వీడియో గేమ్ పేరు రాయడం లేదు. మా చేతికొచ్చింది గీతలు పడ్డ పాత డిస్కు. అది మధ్యలో ఆగిపోయినప్పుడల్లా తప్పు ఆటదో, గీతలదో తేల్చుకోలేక మూడేళ్లు గడిపాం. అలాంటప్పుడు పేరు పెట్టి తిట్టడం న్యాయం కాదు. అయినా ఈ తరహా ఆటలన్నీ ఇంచుమించు ఒకే అచ్చు. ఒక సూపర్ హీరో, ఒక టైమ్ మిషన్, వెళ్లిన ప్రతి కాలంలో నాలుగైదు బుల్లి ఆటలు. పిల్లల కోసం అలాంటిది సెకండ్‌హ్యాండ్‌లో కొందామనుకునే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను విజయనగరంలో సోషల్ టీచర్ని. మా తమ్ముడు డాలస్ నుంచి వచ్చేసేటప్పుడు, తన పిల్లలు పెద్దవాళ్లైపోయారని, వాళ్ల పాత నింటెండో వీ (Wii) అనే వీడియో గేమ్ మిషన్ని మావాడికిచ్చేశాడు. 2006లో మార్కెట్లోకి వచ్చిన మోడల్. చేతిలో రిమోట్ పట్టుకుని ఊపితే టీవీలో బొమ్మ కూడా అలాగే ఊపుతుంది. అప్పుడు మావాడు నాలుగో తరగతి, ఇప్పుడు ఏడు.

మిషన్ సంగతి త్వరగా చెప్పేసి ఆటలోకి వస్తాను. అమెరికా నుంచి వచ్చిన దానికి 120 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. మన గోడ ప్లగ్గులో వచ్చేది 230. నేరుగా పెడితే అడాప్టర్ అక్కడికక్కడే పోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే. అమెరికా మిషన్‌లో అమెరికా డిస్కులే ఆడతాయి, యూరప్ డిస్కు పెడితే చదవదు. ఇది తెలియక ఒక డిస్కు కొని బీరువాలో దాచుకున్నాను. రిమోట్‌కి రెండు పెన్సిల్ సెల్స్ పడతాయి. తాడు మణికట్టుకి వేసుకోకుండా ఆడనివ్వకండి. మా హాల్లో ట్యూబ్‌లైట్ మార్చింది అందుకే.

మొదటి వేసవిలోనే సెన్సార్ బార్ వైరు ఎలక కొరికేసింది. టీవీ దగ్గర పెట్టే సన్నటి నల్ల కడ్డీ అది. ఇక ఆట అయిపోయినట్టే అనుకున్నాం. తమ్ముడు ఫోన్లో నవ్వి, "రెండు కొవ్వొత్తులు వెలిగించి చూడక్కా" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. కాదట. పేరుకి సెన్సార్ బార్ గానీ అది దేన్నీ పసిగట్టదు. రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ దీపాలుంటాయి, అంతే. వాటిని చూసే కెమెరా రిమోట్ ముందు కొసలో ఉంది. కొవ్వొత్తి మంటలోంచి కూడా ఇన్‌ఫ్రారెడ్ వస్తుంది కాబట్టి రిమోట్‌కి అదీ ఇదీ ఒకటే. టీవీ ముందు బల్ల మీద, స్టీలు పళ్లెంలో, జానెడు దూరంలో రెండు కొవ్వొత్తులు నిలబెట్టాను. తెర మీద చెయ్యి గుర్తు వణుకుతూ వచ్చింది. ఫ్యాన్ ఆపగానే నిలబడింది.

"ఏటే ఇది, టీవీకి దీపాలెడుతున్నావు?" అంది మా అత్తయ్య.

ఊళ్లో అందరూ కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగిస్తారు, మేం ఉన్నప్పుడు వెలిగించేవాళ్లం. కొత్త బార్ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. మే నెలలో ఫ్యాన్ లేకుండా ఆడాం కాబట్టి ఆట బాగుందని మీరే ఊహించుకోవచ్చు.

అయితే అన్నీ బాగున్నాయని కాదు. ఏడు కాలాలు, ముప్పై నాలుగు బుల్లి ఆటలు అని అట్ట మీద ఉంటుంది. మూడేళ్ల తర్వాత మా ఇంట్లో ఇంకా ఆడుతున్నవి తొమ్మిది. ఆదిమానవుడి కాలం మొత్తం రిమోట్ గడగడా ఊపడమే, చెయ్యి నొప్పి తప్ప ఏమీ లేదు. రోము అయితే నాకు సోషల్ టీచర్‌గా కడుపుమంట. కత్తియుద్ధాలు జరిగే కొలోసియంలో రథాల పందెం పెట్టారు! దాని లోపలి బరి పొడవు ఎనభై మీటర్ల పైచిలుకు మాత్రమే. నాలుగు గుర్రాల రథం పట్టుమని పది అంగలు పరిగెత్తేసరికి గోడ వస్తుంది. రథాల పందేలు జరిగింది సర్కస్ మాక్సిమస్ అనే వేరే మైదానంలో. మావాడికి ఇది చెబితే, "మరి ఎగిరే మనిషి ఉన్నాడు కదమ్మా, అది ఫర్వాలేదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వైకింగుల పడవ ఆట మాత్రం బంగారం. ఇద్దరు చెరో రిమోట్ పట్టుకుని తెడ్డు వేయాలి, డప్పు దెబ్బకి ఇద్దరి చేతులూ ఒకేసారి పడాలి. ఒకరు ముందైతే పడవ గిరగిరా తిరుగుతుంది. మావాడు నాతో ఆడినా వాళ్ల నాన్నతో ఆడినా మూడో మలుపులో రాయికి గుద్దేసేవాడు. ఒకరోజు అత్తయ్య కూర్చుంది. డప్పు ఆవిడ పట్టించుకోలేదు. "హైలెస్సా" అని తనే పాట ఎత్తుకుంది, వాడు ఆవిడ గొంతుకి చెయ్యి వేశాడు. పడవ గీత గీసినట్టు ఒడ్డుకి వెళ్లింది. ఆ రికార్డు ఇంతవరకు ఎవరూ దాటలేదు. ఆ ఆటలో వైకింగులందరికీ కొమ్ముల టోపీలుంటాయి. నిజానికి వాళ్లు కొమ్ముల టోపీలతో యుద్ధం చేశారనడానికి తవ్వకాల్లో ఆధారమేమీ లేదు, ఆ వేషం 19వ శతాబ్దపు జర్మన్ ఒపెరా దుస్తుల పుణ్యం. హైలెస్సా విన్నాక టోపీల సంగతి నేనూ వదిలేశాను.

ఈజిప్టు కాలంలో హీరో పిరమిడ్ రాళ్లు ఈడ్చాలి. ఎర్ర కేపు ఎగరేసుకుంటూ వచ్చి, ఒంటి చేత్తో ఈడ్చేస్తాడు. కేపుని చూసి అత్తయ్య వాడికి "ఎర్ర తువ్వాలు గుంటడు" (గుంటడంటే మా వైపు కుర్రాడు) అని పేరు పెట్టింది, ఇప్పుడు మా ఇంట్లో అదే పేరు. గీజాలోని పెద్ద పిరమిడ్‌కి సుమారు 23 లక్షల రాళ్లు పట్టాయని అంచనా, సగటున ఒక్కోటి రెండున్నర టన్నులు. అవి ఈడ్చింది మామూలు మనుషులు. వాళ్ల సమాధులు 1990లో ఆ పక్కనే బయటపడ్డాయి. మరి ఎలా ఈడ్చారని మావాడు అడిగాడు. జెహుతిహోటెప్ అనే అధికారి సమాధిలో ఒక బొమ్మ ఉంది. పెద్ద విగ్రహాన్ని చక్రాల్లేని చెక్క బండి మీద కట్టి జనం లాగుతుంటే, బండి ముందు నిలబడి ఒకడు ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. అది పూజ తంతేమోనని చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ భౌతికశాస్త్రవేత్తలు ప్రయోగం చేసి, సరిపడా తడిపిన ఇసుక మీద లాగడానికి దాదాపు సగం బలం చాలని తేల్చారు.

మా వీధిలో ఇల్లు కడుతున్నారు, ఇసుక కుప్ప సిద్ధంగా ఉంది. స్వీట్ డబ్బా రేకు మూతలో ఇటుక పెట్టి, తాడు కట్టి, స్కూలు ల్యాబ్ నుంచి తెచ్చిన స్ప్రింగ్ త్రాసుతో లాగించాను. పొడి ఇసుకలో మూత ముందంచు దిగబడి, దాని ముందు చిన్న గుట్ట పోగైంది. లాగేకొద్దీ గుట్ట పెరుగుతుంది, ముల్లు పైకి పోతుంది. చెంబుతో నీళ్లు చిలకరించి, అరచేత్తో చదును చేశాక గుట్ట లేవనే లేదు, మూత జారుకుంటూ వచ్చింది. మావాడికి ఉత్సాహం ఎక్కువై బకెట్ కుమ్మరించాడు. మూత బురదలో అతుక్కుపోయింది. మేస్త్రీ వచ్చి, "మేడమ్, సిమెంటు కలుపుకోవాలి" అనేదాకా ముగ్గురు పిల్లలు అక్కడే ఉన్నారు. ఆటలో ఈ నీళ్ల సంగతి ఎక్కడా లేదు. ఉంటే ఎంత మంచి బుల్లి ఆట అయ్యేదో.

నాకు అసలు నచ్చనిది వేరే ఉంది. మొదటి రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే హీరో. రెండో రిమోట్ పట్టుకున్నవాడు హీరో వెనక తిరిగే కోతి. పాయింట్లు కూడా కోతికి తక్కువే. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇది రోజూ పంచాయితీ.

మా ఆడపడుచు ఇల్లు బొబ్బిలిలో. వాళ్లమ్మాయి మావాడికంటే రెండేళ్లు పెద్ద, వదిన వరస. సెలవులకి వచ్చినప్పుడల్లా ఎవరు కోతి అన్నదే తగువు. ఒకసారి కోటల కాలం ఆడుతున్నారు. కోట గోడ కూల్చితే గెలుపు, లోపలున్నవాళ్లు దుష్టులు. ఆ పిల్ల రిమోట్ కింద పెట్టేసి, "అత్తా, మా కోటని కూడా ఇలాగే కూల్చారు కదా, వీళ్లు" అంది. వీళ్లంటే మేం, విజయనగరం వాళ్లం.

1757 జనవరి 24. విజయనగరం రాజు పెద విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చి బొబ్బిలి కోటని కొట్టాడు. ఓటమి తప్పదని తేలాక కోటలోని స్త్రీలూ పిల్లలూ ప్రాణాలు వదిలారు, బొబ్బిలి రాజు రంగారావు పోరాడి చనిపోయాడు. కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు గుడారంలోకి చొరబడి విజయరామరాజుని చంపాడు. ఈ కథలో ఎర్ర తువ్వాలు గుంటడు ఏ పక్క దిగుతాడు? మావాడి మొహం చిన్నబోయింది. వాడు పుట్టిన ఊరు విలన్ ఊరని ఆ రోజే తెలిసింది మరి. "మనకేమీ లేదా అమ్మా?" అన్నాడు. పద్మనాభం చెప్పాను. 1794 జులై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యం మీద నిలబడి చిన విజయరామరాజు ప్రాణమిచ్చిన చోటు. వాడు తలెత్తి, "మాకు పద్మనాభం ఉంది" అన్నాడు వదినతో. "ఉంచుకో" అంది ఆ పిల్ల.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ డ్రాయింగ్ చార్టు మీద సొంతంగా ఒక కాలం గీశారు. కోట, డేరాలు, ఫిరంగులు. పాచికలతో ఆట. ఆ పిల్ల పెట్టిన షరతు ఒక్కటే, ఇందులో కోతి ఉండకూడదు. ఇద్దరికీ సమానంగా గళ్లు. ఫిరంగి గడిలో పడితే ఎవరైనా సరే వెనక్కి.

అత్తయ్య ఆ చార్టు చూసి, "మన రామ్మూర్తి నాయుణ్ని ఎట్టలేదేటి?" అంది. ఆవిడ పుట్టిల్లు వీరఘట్టం వైపు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడు, గొలుసులు కట్టి కార్లని ఆపాడు అని వాళ్ల నాన్న దగ్గర విన్న కథలన్నీ చెప్పింది. కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలోనే పుట్టారు. మా విజయనగరంలో వ్యాయామం నేర్పారు, తర్వాత సొంత సర్కస్ కంపెనీ పెట్టారు, కలియుగ భీముడని పేరు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. శాకాహారి అనేసరికి గుడ్డు తిననని పేచీ పెట్టే మావాడు నా వైపు అదోలా చూశాడు. మర్నాటికి చార్టు మూలన మీసాలున్న మనిషి, ఛాతీ మీద బూడిదరంగు ఏనుగు చేరాయి. ఆ గడిలో పడితే రెండు పందేలు.

చంద్రుడి కాలం చివరిది. 1969 అని తెర మీద పడుతుంది, హీరో గెంతితే ఆరింతలు ఎత్తుకి లేస్తాడు, ఇది మాత్రం లెక్క సరిగ్గానే పెట్టారు. కానీ అక్కడ రెండో ఆట దాటగానే మా డిస్కు కిర్రుమని ఆగిపోతుంది. మెత్తటి గుడ్డతో తుడిచాం, టూత్‌పేస్టు రాశాం, ఫలితం లేదు. చివరి విలన్‌ని ఇంతవరకు చూడలేదు.

కొంటే రెండు రిమోట్లకీ సమాన పాత్రలున్న ఆట చూసి కొనండి, డిస్కుని వెలుతురులో తిప్పి గీతలు చూసుకోండి. ఆరేళ్ల లోపు పిల్లలకి ఈ రిమోట్లు బరువు. చరిత్ర నేర్పుతుందని కొనకండి, తప్పులు దొరికితే మాత్రం వదలకండి.

సంక్రాంతికి బొబ్బిలి పిల్ల వస్తానంది. నాలుగు పెన్సిల్ సెల్స్ తెచ్చిపెట్టాను. చార్టు నాలుగు చెరగులా చినిగిపోయింది, దానికి అట్ట అతికించాలి.