పోర్టడౌన్ వంతెన దగ్గర ఏం జరిగింది? మూడు రకాల సాక్ష్యాల్లో ఏది మేలు?

1641 అక్టోబరు 22 రాత్రి ఐర్లండ్ ఉత్తరాన, అల్‌స్టర్‌లో, ఐరిష్ కాథలిక్కుల నాయకుడు ఫెలిమ్ ఓనీల్ మనుషులు తిరగబడి కోటలు పట్టుకున్నారు. కొద్దివారాల్లోనే వ్యవహారం నాయకుల చేయి దాటింది. అంతకు ముప్పై ఏళ్ల ముందు ఐరిష్ వాళ్ల భూములు లాక్కుని, ఇంగ్లండ్ నుంచి, స్కాట్లండ్ నుంచి తెచ్చి దింపిన ప్రొటెస్టెంట్ల ఇళ్లమీద ఇరుగుపొరుగే పడ్డారు. పశువుల్ని తోలుకుపోయారు. ఒంటిమీది బట్టలు కూడా ఒలుచుకుని చలిలోకి తరిమారు. కొన్నిచోట్ల చంపారు, బాన్ నది మీది పోర్టడౌన్ వంతెన అలాంటి చోటే. పేచీ అంతా ఎంతమందిని, ఎవరి మాట మీద చంపారన్న దగ్గరే.

తేల్చుకోవడానికి మూడు రకాల కాగితాలున్నాయి. ఒకటి, 1641 డిసెంబరు చివరి నుంచి డబ్లిన్ చేరిన శరణార్థులు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలాలు. రెండు, వాటిలోంచి ఏరి అచ్చువేసిన పుస్తకాలు. మూడు, 1652-54లో, ఐర్లండ్‌ను జయించిన ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ ప్రభుత్వం నేరస్థుల్ని శిక్షించడానికి జరిపిన విచారణల కాగితాలు.

అచ్చు పుస్తకాల సంగతి తొందరగా తేల్చేద్దాం. వాంగ్మూలాలు తీసుకున్న ఎనిమిది మంది పాదిరీలకు పెద్ద హెన్రీ జోన్స్. 1642లోనే కొన్ని ఏరి లండన్ పార్లమెంటు ముందు పెట్టాడు. తిరుగుబాటు అణచే సైన్యానికి డబ్బు రాబట్టాలంటే ఘోరాలే కావాలి, ఘోరాలే ఏరాడు. 1646లో డబ్లిన్ ప్రభుత్వ అధికారి జాన్ టెంపుల్ పుస్తకంలో లెక్క మూడు లక్షలు దాటింది. ఆయన వాక్యం సరిగ్గా చదివితే అందులో చంపినవాళ్లే కాదు, ఇల్లు వదిలి పోయినవాళ్లూ ఉన్నారు. తరవాతివాళ్లు ఆ రెండో ముక్క వదిలేసి అందరినీ చచ్చినవాళ్లలో కలిపేశారు. ఇప్పటి చరిత్రకారుల అంచనాలో మొదటి నెలల్లో చంపబడినవాళ్లు నాలుగు వేల దరిదాపుల్లో ఉంటారు. చలికీ జబ్బుకీ పోయినవాళ్లు ఇంకా కొన్ని వేలు. సంఖ్య కోసం అచ్చు పుస్తకం తెరవడం దండగ.

డబ్లిన్ వాంగ్మూలాలు అలా కాదు. జోన్స్ పాదిరీల కమిషన్‌ను మొదట వేసింది ఆస్తినష్టం రాసుకోవడానికి, హత్యలు తరవాత చేరాయి. అందుకే ఒక్కో కాగితం ఆవులు, గుర్రాలు, గాదెలో ధాన్యం, కౌలు పట్టాలు, రావలసిన బాకీలతో మొదలవుతుంది. చాలామంది ఈ భాగం దాటేసి నెత్తురు కోసం వెతుకుతారు. నాకైతే ఇదే బంగారం. నష్టాన్ని కాస్త పెంచి చెప్పి ఉండొచ్చు గానీ, పలానా ఐరిష్ పొరుగువాడు తనకు ఇంత బాకీ అన్న ముక్క ఊరికే పుట్టదు. ఎవడు ఎవడికి అప్పు, ఎవడొచ్చి తలుపు కొట్టాడు, రెండూ ఒకే కాగితంలో దొరుకుతాయి.

చావుల దగ్గరికొచ్చేసరికి జాగ్రత్తగా ఉండాలి. చెప్పేవాడు చూశాడా, విన్నాడా అన్నది తెలుగులో అయితే ఒక్క ‘అట’తో తేలిపోయేది. వాంగ్మూలం రాసుకునే గుమాస్తా మాత్రం ‘నమ్మదగినవాళ్లు చెప్పగా విన్నాను’ అని వాక్యం మధ్యలో ఇరికించి సాగిపోతాడు. రాబర్ట్ మాక్స్‌వెల్ అనే పాదిరీ చెప్పిన 1,54,000 చావుల లెక్క అలాంటి ‘అట’ లెక్కే. తను బందీగా ఉండగా తిరుగుబాటుదార్లే చెప్పారట.

అయితే చూసింది నమ్మి, విన్నది తీసేస్తే పోలేదా? పోర్టడౌన్ దగ్గర ఆ సూత్రం బెడిసికొడుతుంది. 1641 నవంబరులో అక్కడ బాన్ నదిలో సుమారు వందమందిని ముంచి చంపారు. ఆ గుంపులో ఉండి బతికిన విలియం క్లార్క్ 1642 జనవరిలోనే సాక్ష్యమిచ్చాడు: పందుల్ని తోలినట్టు తోలారు, వంతెన మధ్యలో నరికి ఉంది, బరిసెలతో నీళ్లలోకి నెట్టారు, ఈదినవాళ్లను కాల్చారు. ఎలిజబెత్ ప్రైస్ తన ఐదుగురు పిల్లల్ని అక్కడే పోగొట్టుకుంది. ఆ సమయంలో ఆమె వంతెన దగ్గర లేదు, విన్నదే చెప్పింది. అదే ఆమె, తరవాత ఆ నదిలో నడుములోతు నీళ్లలో నిలబడి ‘పగ, పగ’ అని అరిచే ఆడమనిషి ఆకారం కనబడిందని ప్రమాణం చేసి చెప్పింది. పిల్లల చావు విన్నది, దయ్యం చూసింది. ఏది నమ్ముతారు? నేను మొదటిదే నమ్ముతాను, అదీ క్లార్క్ మాటతో కలుస్తుంది కాబట్టి. రెండోది అబద్ధమనీ అనను. ఆ తల్లి ఏ స్థితిలో ఉందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి పదేళ్ల తరవాతి విచారణలు? జ్ఞాపకాలు మసకబారాయి, ఎవరిని ఉరితీయాలో, ఎవరి భూమి లాక్కోవాలో ముందే నిర్ణయమైంది. ఫెలిమ్ ఓనీల్‌ను 1653లో చంపారు. ఆ లెక్కన ఈ కట్టను పక్కన పెట్టేయాలి. కానీ డబ్లిన్‌లో జోన్స్ బృందం ఎదుట నిలబడి చెప్పుకున్నవాళ్లు దాదాపు అందరూ ప్రొటెస్టెంట్లే. ఐరిష్ కాథలిక్కుల నోటి మాట కావాలంటే ఈ చివరి కట్టే దిక్కు.

అందుకే వంతెన దగ్గర జరిగినదానికి నేను క్లార్క్ దగ్గరికి పోతాను, ఊళ్లో ఎవరికెవరితో తగవో తెలియాలంటే బాకీల జాబితా దగ్గరికి. 1642 జనవరిలో ఐలండ్‌మగీలో ప్రొటెస్టెంట్ల చేతిలో చచ్చిన కాథలిక్కు కుటుంబాల కోసమైతే 1653లో తీసుకున్న సాక్ష్యాలు విప్పాల్సిందే.